మా పిల్లలు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నాది కోనసీమ. డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికై పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట మండలంలో ఒక గూడలో చేరాను. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ నేనొక్కదాన్నే. పిల్లలంతా ఆదివాసులే: దాదాపు అందరూ సవరలు, ఇద్దరు ముగ్గురు జాతాపులు. ఆటల్లో గలగలా మాట్లాడుకునే పిల్లలు నేను ప్రశ్న అడిగితే తల దించేసుకుంటారు. మూడో తరగతి బాబు ఒకడు బోర్డు మీద తీసివేత ఒక్కటీ చేయడు. వాడే సంతలో వాళ్లమ్మ పక్కన కూర్చుని చిల్లర తప్పు లేకుండా లెక్కగట్టి ఇస్తున్నాడు, నా కళ్లతో చూశాను. శిక్షణలో 'పిల్లల సంస్కృతికి తగ్గట్టు బోధించండి' అన్నారు. అందుకని ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిల్లలకు వేషాలు వేసి థింసా చేయించాను. ఫొటోలు చూసి అందరూ మెచ్చుకున్నారు. మర్నాటి నుంచి క్లాసు మళ్లీ మామూలే. పక్క ఊరి సీనియర్ మాస్టారు 'బడిలో సవర మాట్లాడనివ్వకండి, అప్పుడే తెలుగు వస్తుంది' అంటున్నారు. తల్లిదండ్రులేమో ఇంగ్లీషు రావాలంటున్నారు. నేను సవర నేర్చుకోవాలా? బడిలో సవర వాడితే పిల్లలు ఇంకా వెనకబడరా?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ ఆ మూడో తరగతి బాబు దగ్గర ఆగిపోయాను. యాభై నోటు తీసుకుని, పదహారు రూపాయల సరుక్కి ముప్పై నాలుగు తిరిగివ్వడం తీసివేత కాక మరేమిటి? అదీ కాగితం లేకుండా, ఒక పక్క బేరం సాగుతుండగా. ఆ పని చేసేవాడికి లెక్కలు రావంటే నేను ఒప్పుకోను. బోర్డు మీద 50, దాని కింద 16, కింద ఒక గీత, 'పక్కనుంచి అప్పు తెచ్చుకో' అనే మాట, ఇవీ వాడికి కొత్త. లెక్క పాతదే. మనం అడిగే భాషా, అడిగే తీరూ వాడి నోరు కట్టేస్తున్నాయి.

నా మాట నమ్మక్కర్లేదు, ఈ వారంలోనే మీరు తేల్చుకోవచ్చు. మీ బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మకు సవర, తెలుగు రెండూ వచ్చే ఉంటాయి. వంట అయ్యాక ఆమెను పది నిమిషాలు కూర్చోమనండి. మూడో తరగతి స్థాయి నోటి లెక్కలు ఐదు తీసి ఆమె చేత సవరలో అడిగించండి, జవాబు సవరలోనే చెప్పనివ్వండి. రెండు రోజులు పోయాక అలాంటివే ఐదు మీరు తెలుగులో అడగండి. మొదటిసారి నాలుగు చెప్పి రెండోసారి ఒక్కటే చెప్పాడంటే, ఆ పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో 'లెక్కల్లో వీక్' అని రాయడం అన్యాయం. రెండుసార్లూ చెప్పలేకపోతే అప్పుడు లెక్క నేర్పడం మీద పడండి. ఎవరికి భాష అడ్డం, ఎవరికి లెక్కే రాదు అన్నది తెలియకుండా అందరినీ ఒకే గాటన కట్టేస్తే మీ శ్రమంతా బూడిదలో పోసినట్టే.

శిక్షణలో మీకు చెప్పిన 'సంస్కృతికి తగ్గట్టు బోధన' అనే ఆలోచన ఆ పేరుతో అమెరికాలో స్థిరపడింది. అక్కడ నల్లజాతి పిల్లలు చదువులో వెనకబడితే లోపం పిల్లల్లో ఉందనో, వాళ్ల ఇళ్లలో ఉందనో చాలాకాలం అన్నారు. గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అనే విద్యావేత్త అలా అడగడం మానేసి, ఆ పిల్లలకు బాగా చదువు వచ్చే క్లాసుల్లో ఏం జరుగుతోందని చూశారు. తల్లిదండ్రులూ ప్రధానోపాధ్యాయులూ మంచి టీచర్లని పేరు చెప్పిన ఎనిమిది మందిని దగ్గరుండి గమనించారు. 1995లో ఆమె రాసిన దాని ప్రకారం ఇలాంటి బోధనకు మూడు గుర్తులు. పిల్లలకు చదువు నిజంగా రావాలి. తమ భాషా తమ ఇంటి తీరూ వదులుకోకుండా రావాలి. చుట్టూ జరిగే అన్యాయాన్ని గుర్తుపట్టి ప్రశ్నించే తెలివి రావాలి. జెనీవా గే అనే మరో విద్యావేత్త 2000లో దీన్నే ఇంకా విస్తరించి రాశారు. మీకు చెప్పవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు తెల్లవాళ్లు. పిల్లల జాతి పంచుకోనివాళ్లు. 'నేను బయటి మనిషిని, నా వల్ల అవుతుందా' అన్న బెంగ మీరు పైకి అనకపోయినా ఉత్తరమంతా కనిపిస్తోంది. అవుతుంది.

ఆ మూడింటిలో మొదటిది చదువు. మన దగ్గర సంస్కృతి పేరుతో జరిగే కార్యక్రమాల్లో ముందుగా జారిపోయేది అదే. పిల్లలు తలకు ఈకలు కట్టుకుని ఆడారు, అధికారులు చప్పట్లు కొట్టారు, కానీ ఆ రోజు ఏ పిల్లా ఒక్క వాక్యం ఎక్కువ చదవలేదు. మీరు ప్రేమతోనే చేశారు, అందులో నాకు సందేహం లేదు. కానీ థింసా అరకు వైపు ఆదివాసుల నాట్యం. సవర పిల్లల చేత అది ఆడించడం, గోదావరి పిల్లల చేత బతుకమ్మ ఆడించి ఇది మీ పండగే అన్నట్టు ఉంటుంది. ఆదివాసీ అనే ఒక్క పేరు కింద అందరినీ కలిపేస్తే ఎదురుగా ఉన్న పిల్లలు కనపడరు.

ఇంకో జాగ్రత్త. సవర గూడల్లో ఎన్నో కుటుంబాలు తరాలుగా క్రైస్తవులు. పాత దేవతలకు మొక్కి, కొత్తల పండగ చేశాకే కొత్త పంట నోట పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒకే గూడలో రెండు రకాలవాళ్లూ ఉంటారు. 'మీ పండగ గురించి చెప్పు' అని ఒక పిల్లను నిలబెడితే, ఇంట్లో ఆ పండగ మానేసిన పిల్ల ఏం చెబుతుంది? అందుకే దేవుళ్లనూ పండగలనూ ముందు పెట్టుకోకండి. పనితో మొదలుపెట్టండి. పోడు, జీడితోట, చింతచెట్టు, కొండచీపుర్లు, అడ్డాకుల విస్తళ్లు, సంత. ఏ గుడికి వెళ్లేవాళ్లైనా, ఏ చర్చికి వెళ్లేవాళ్లైనా ఈ పనులు అందరి ఇళ్లలో ఉంటాయి.

ఇక మీ అసలు బాధ, పిల్లల మౌనం. హవాయి దీవుల్లో 1970లలో సరిగ్గా ఇలాంటి సమస్యే వచ్చింది. అక్కడి పిల్లలు ఇంట్లో కథ చెప్పుకునేటప్పుడు ఒకరి మాట మీద ఒకరు మాట వేసి, కలిసి చెబుతారు. బడిలో మాత్రం చేయెత్తు, నీ వంతు వచ్చాక ఒక్కడివే చెప్పు అనేవారు. పిల్లలు బిగుసుకుపోయేవారు. హొనొలులులో కమేహమేహా పాఠశాలల తరఫున నడిచిన ఒక కార్యక్రమంలో టీచర్లు చిన్న గుంపులతో కూర్చుని, పాఠం గురించి పిల్లలు అలాగే కలగాపులగంగా మాట్లాడుకోనిచ్చారు. పిల్లల చదవడం మెరుగుపడింది. తర్వాత 1980లలో అదే పద్ధతిని తీసుకెళ్లి అరిజోనాలో రఫ్ రాక్ అనే చోట నవాహో ఆదివాసీ పిల్లలకు పెట్టారు. అక్కడ అది ఉన్నదున్నట్టు పనిచేయలేదు. ఆడా మగా కలిసిన గుంపులు హవాయిలో బాగా నడిచాయి, నవాహో పిల్లలు అలా కూర్చోబెడితే మాట్లాడలేదు. అంతకంటే పెద్ద సంగతి, నవాహో పిల్లలు ఒక మాట చెప్పి, ఆగి, ఆలోచించి తర్వాతి మాట చెప్పేవారు. ఆ ఆగడాన్ని టీచరు 'అయిపోయింది' అనుకుని మరొకరిని అడిగేసేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, సవర పిల్లలకు ఫలానా పద్ధతి అని నేను ఇక్కడ కూర్చుని రాసిస్తే మీరు నమ్మకూడదు. మీ పిల్లలు పెద్దవాళ్లతో ఇంట్లో ఎలా మాట్లాడతారో, పెద్దవాళ్లు అడిగితే వెంటనే చెబుతారా, పని చేస్తూ చెబుతారా, అన్నయ్యనో అక్కనో ముందు పెట్టి చెబుతారా, అది మీరే చూడాలి. సాయంత్రం బస్సు కంగారు లేని రోజున రెండిళ్ల అరుగుల మీద కూర్చుంటే చాలు. అప్పటిదాకా ఒక పని చేయండి. ఒక్కరినే నిలబెట్టి అడగడం మానేయండి. ప్రశ్న అందరికీ వేసి, 'పక్కవాళ్లతో మీ భాషలో మాట్లాడుకోండి' అని వదిలేయండి. రెండు నిమిషాలు గది సంతలా మోగుతుంది, మోగనివ్వండి. తర్వాత ఎవరు చెప్పాలో వాళ్లనే తేల్చుకోమనండి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మీరు మౌనంగా ఉండటం మొదట్లో చాలా కష్టం. టెన్షన్ వస్తుంది, జవాబు మనమే చెప్పేయాలనిపిస్తుంది. ఓర్చుకోండి.

మీరు సవర నేర్చుకోవాలా అని అడిగారు. తప్పకుండా. మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఎవరో అమెరికా వాళ్లను చూడాల్సిన అవసరం కూడా లేదు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే మాస్టారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాటం మొదలుపెట్టకముందే ఆయన సవర నేర్చుకున్నారు, అదీ సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని. సవర పిల్లలకు బడులు నడిపారు, వాచకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవం అని జరుపుకుంటాం, ఉపన్యాసాలిస్తాం. ఆ ఉపన్యాసాల్లో సవర ఊసు ఒక్క వాక్యానికి మించదు. నాకు అది మనసుకు కష్టంగా ఉంటుంది. జనం మాట్లాడే భాషే పిల్లల పుస్తకాల్లో ఉండాలని తెలుగు విషయంలో ఆయన చేసిన వాదన, కొండమీది పిల్లల విషయంలో ఆయన అప్పటికే ఆచరణలో పెట్టినదే.

అయితే సవర మీకు సులువుగా రాదు. గోండి, కోయ, కువి భాషలు తెలుగుకు చుట్టాలు, ద్రావిడ కుటుంబంవే. సవర ఆ కుటుంబంది కాదు. అది సంతాలీ, ముండారీ భాషలకు చుట్టం, ముండా కుటుంబానిది. మాట గొంతులో టక్కున తెగి ఆగే ధ్వని ఒకటి అందులో ఉంది, దానికి మన అక్షరమాలలో గుర్తే లేదు. కాబట్టి భాష మొత్తం పట్టేయాలని పెట్టుకోకండి. క్లాసు నడపడానికి కావలసినవి చాలు: రా, కూర్చో, చూడు, మళ్లీ చెప్పు, ఎన్ని, ఎక్కడ, ఎందుకు, ఆకలేస్తోందా, కడుపు నొప్పా, బాగా చేశావు. వీటిని పిల్లల దగ్గరే నేర్చుకోండి. మీరు తప్పు పలికితే నవ్వుతారు. సరిదిద్దమని వాళ్లనే అడగండి. తప్పు చేయడం సిగ్గుపడాల్సిన పని కాదని టీచరును చూసి తెలుసుకున్న పిల్లలు తామూ తప్పు తెలుగు మాట్లాడటానికి సాహసిస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషల్లో ఆదివాసీ పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టారు: గోండి, కొలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేశారు. ఆ సవర వాచకాలు మండల వనరుల కేంద్రం బీరువాలోనో, సీతంపేటలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలోనో, ఏ పాత బడి అటక మీదో దొరికే అవకాశం ఉంది. అడిగి వెతికించండి. మీ మండల విద్యాధికారి ఎంఈఓను మాతృభాషా వాలంటీరు గురించి కూడా అడగండి. వచ్చినా రాకపోయినా అర్జీ పెట్టి ఉంచండి.

అవేవీ దొరక్కపోయినా ఒక చార్టు పేపరుతో పని మొదలవుతుంది. ఎలాగో చెబుతాను. కొండచీపుర్ల కోత కాలం అనుకోండి. పిల్లల్ని ఒక్కో పుల్ల తెమ్మనండి. ఎవరు కోస్తారు, ఎక్కడ ఆరబెడతారు, కట్ట ఎలా కడతారు అన్నది వాళ్లలో వాళ్లను సవరలో మాట్లాడుకోమనండి. మీకు అర్థం కాదు, కాకపోయినా ఫర్వాలేదు. తర్వాత ఐదో తరగతి పిల్ల 'మా అమ్మ చీపురు కోసీసింది' అంటుంది. మీ కోనసీమలో 'కోసేసింది' అంటారు, పుస్తకంలోనూ అలాగే ఉంటుంది. దిద్దకండి. పిల్ల నోట వచ్చిన తెలుగు ఆ నేల తెలుగు, దాన్ని అలాగే చార్టు మీద రాయండి. దాని పైన అదే వాక్యాన్ని సవరలో చెప్పించి తెలుగు అక్షరాల్లో రాయండి. వంటమ్మ చేత పలికించి, అక్షరాలు సరిపోయాయో లేదో పిల్లల్నే అడగండి. అలా ఐదారు వాక్యాలు అయ్యేసరికి గోడ మీద పిల్లలు తయారుచేసిన పాఠం ఒకటి ఉంటుంది.

మీది ఐదు తరగతులకూ ఒకే టీచరున్న బడి కదా, ఈ ఒక్క చార్టు అందరికీ పనికొస్తుంది. ఒకటో తరగతి పిల్లలు అందులో 'చ' ఎక్కడెక్కడ ఉందో వేలు పెట్టి చూపిస్తారు. రెండో తరగతి వాళ్లు చూసి రాస్తారు. మూడు, నాలుగు తరగతుల వాళ్లు తమ ఇంటి సంగతి రెండు వాక్యాలు కలుపుతారు. పుస్తకంలో 'కోసేసింది' అని ఎందుకుందో, ఇంట్లో మనం ఎలా అంటామో వాళ్లతో మాట్లాడే చోటు ఇదే. ఐదో తరగతి వాళ్లు మూడు చిన్న ఇంగ్లీషు వాక్యాలు చేస్తారు. మర్నాడు పాఠ్యపుస్తకం తీయండి. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి, మీ పిల్లలకు ఆ రెండూ పరాయి భాషలే. నిన్నటి చార్టు చదివిన పిల్లకు ఈరోజు పేజీలో నాలుగు మాటలైనా ఎదురొస్తాయి. పుస్తకం పక్కన పెట్టేయమని నేను అనడం లేదు. పుస్తకంలోకి వెళ్లే దారి పిల్లల మాటల్లోంచి వేయమంటున్నాను.

లెక్కల దగ్గర నాకు ఉత్సాహం ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. సవరల పాత లెక్కింపు మనలా పదుల మీద నడవదు. పన్నెండు ఒక మెట్టు, ఇరవై ఇంకో మెట్టు. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ప్రపంచంలో అరుదైన లెక్కింపుల్లో ఇది ఒకటని భాషావేత్తలు ఆసక్తిగా రాసుకున్నారు. ఇప్పటి పిల్లలు చాలావరకు తెలుగు అంకెలే వాడతారు కాబట్టి ఇది పిల్లల్ని అడిగితే రాకపోవచ్చు. గూడలో పెద్దవయసు అవ్వను ఒకరిని బడికి పిలవండి. ముప్పై మూడు చింతపిక్కలు ఆమె ముందు పోసి తన పద్ధతిలో లెక్కపెట్టి కుప్పలు పెట్టమనండి: ఇరవై ఒక కుప్ప, పన్నెండు ఒక కుప్ప, మిగిలింది ఒకటి. ఆ పక్కనే మీరు పదేసి పెట్టండి: మూడు కుప్పలు, మిగిలినవి మూడు. 'రెండూ ఒకే సంఖ్యేనా?' అని పిల్లల్ని అడగండి. కలిపి చూసుకోనివ్వండి. స్థాన విలువ అనే పాఠం, ఎన్నిసార్లు బోర్డు మీద చెప్పినా ఎక్కనిది, అక్కడ ఎక్కుతుంది. ఎందుకంటే కుప్ప ఎంత పెద్దది పెట్టుకోవాలన్నది మనుషులు చేసుకున్న ఒప్పందమని అప్పుడే తెలుస్తుంది. గుడ్లు డజన్లలో కొంటాం, గడియారంలో పన్నెండు అంకెలున్నాయి, పన్నెండు మీద నడిచే లెక్క వెనకబాటు కాదని నాలుగో తరగతి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

భిన్నాలకు కూడా అంతే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ. ఈ పేర్లు మీ అమ్మమ్మగారికీ తెలిసే ఉంటాయి. మీ గూడలో ఏ కొలపాత్రలు వాడుతున్నారో ముందు కనుక్కోండి, ఊరిని బట్టి తేడాలుంటాయి. చోళ్లో సామలో తెచ్చి కొలిపిస్తే అర, పావు, అరపావు పిల్లల చేతుల్లోనే ఉంటాయి. పెద్ద క్లాసు వాళ్లకు ఇంకో అడుగు వేయండి. గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, చింతపండుకూ అడ్డాకులకూ ధర ప్రకటిస్తుంది. ఆ ధర ఎంత, సంతలో షావుకారు ఇచ్చింది ఎంత, మీ అమ్మ అమ్మిన సరుకు మీద తేడా ఎంత? తూకంలో కిలోకు వంద గ్రాములు పోతే ఎంత నష్టం? గుణకారం, తీసివేత, దశాంశాలు అన్నీ అందులో ఉన్నాయి. లాడ్సన్-బిల్లింగ్స్ చెప్పిన మూడో గుర్తు కూడా అందులోనే ఉంది. సంతలో చిల్లర లెక్కగట్టే మీ బాబు ఈ పాఠంలో ముందు వరసలో ఉంటాడని నా నమ్మకం.

మార్చి, ఏప్రిల్‌లో జీడిపిక్కల కాలం వస్తే హాజరు పడిపోతుంది. తిట్టకండి, కానీ చూసీ చూడనట్టు కూడా వదిలేయకండి. ఏ రోజుల్లో పిల్ల అవసరం ఇంట్లో ఎక్కువో తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకుని, కొత్త పాఠం ఆ రోజుల్లో పెట్టుకోకుండా చూసుకోండి. బడికి తప్పనిసరిగా రావాలన్న పట్టు మాత్రం వదలొద్దు. అడవి బిడ్డలు కదా, చదువు ఎంత వస్తే అంత అని జాలిపడే టీచర్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ జాలి వల్ల ఐదో తరగతి దాటిన పిల్లలు ఒక పేరా చదవలేక గురుకులంలో కుమిలిపోతారు.

హాజరు పట్టీ గురించి కూడా ఒక మాట. అందులో సగానికి పైగా పేర్ల ముందు ఇంటిపేరు 'సవర' అనే ఉంటుంది. అందరూ ఒకలాగే కనిపించి కొందరు టీచర్లు నంబర్లతో పిలుస్తారు. ప్రతి పిల్లకూ ఇంట్లో పిలిచే పేరు ఏమిటో, రికార్డులో రాసిన పేరు సరిగ్గా పలుకుతున్నామో లేదో అడిగి తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురు జాతాపు పిల్లల్ని కూడా మర్చిపోకండి. వాళ్ల ఇళ్లలో ఎక్కువగా తెలుగే మాట్లాడతారు. బడి అంతా సవర పాటే పాడితే వాళ్లు ఒంటరివాళ్లవుతారు. వాళ్లను దుబాసీలుగా మార్చేసినా తప్పే, వాళ్లూ చదువుకోవడానికే వచ్చారు.

సీనియర్ మాస్టారి సలహాకు వస్తే, ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఎందరో టీచర్లు అలాగే అనుకుంటారు. ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడిన పిల్లకు ఫైన్ వేశారని వింటే మనకు ఒళ్లు మండుతుంది. సవర మాట్లాడొద్దని మనం అంటే అదే పని మనం చేస్తున్నాం. ఆరేళ్ల పిల్లకు వచ్చిన భాష ఒక్కటే. అది వద్దంటే ఆ పిల్ల గదిలో ఆలోచించడం కూడా మానేస్తుంది, మీరు చూస్తున్న మౌనం అదే. చట్టం కూడా మీ పక్షానే ఉంది. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతోంది, 1956లో చేర్చారు. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ అంటోంది. మాస్టారితో వాదన పెట్టుకోకండి. ఒక రోజు మీ క్లాసుకు పిలిచి చార్టు పాఠం చూపించండి.

తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలనడం న్యాయం. కాగితం చదవడం రాక మోసపోయిన ఇళ్లు అవి, ఆసుపత్రిలో, బ్యాంకులో నోరు లేక నిలబడిన మనుషులు వాళ్లు. మీ పిల్లలకు సవర చాలు అని వాళ్లతో అనే హక్కు మనకు లేదు. వాళ్లకు మీరు చెప్పవలసింది ఇది: చదవడం అనే పని మనిషి ఒక్కసారే నేర్చుకుంటాడు. అర్థమయ్యే మాటల మీద అది పట్టుబడితే తర్వాత తెలుగుకూ ఇంగ్లీషుకూ అదే ఆసరా. అర్థం కాని మాటల మీద రుద్దితే పిల్లలు అక్షరాలు గడగడా చదువుతారు కానీ ఏం చదివారో చెప్పలేరు. మాటలతో చెప్పి ఊరుకోకండి. తర్వాతి తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్ల చేత తెలుగు పేజీ చదివించి, చదివినదాన్ని సవరలో వాళ్లమ్మకు చెప్పమనండి. ఆ పక్కనే కొత్త ఇంగ్లీషు పేరా ఒకటి చదివించి, అదీ సవరలోనే చెప్పమనండి. ఎక్కడ తడబడుతోందో తల్లికే తెలుస్తుంది. డిసెంబరులో ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి అదే పిల్లతో మళ్లీ చేయించండి. తారీకు వేసి, ఏం చదివింది, ఏం చెప్పింది అన్నది నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే ఆ నోట్‌బుక్ వాళ్ల చేతిలో పెట్టండి.